కీక్లోక్ సర్వర్‌ను కమాండ్ లైన్ నుంచి చూసుకోవడం

కీక్లోక్ అంటే అప్లికేషన్ల తరఫున యూజర్ల లాగిన్‌లను చూసుకునే సర్వర్. పది మంది యూజర్లను చేర్చడానికి దాని అడ్మిన్ కన్సోల్ (బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీ) సరిపోతుంది. ఒకే మార్పును మూడు సర్వర్లలో పొల్లుపోకుండా చేయాలంటే మాత్రం కమాండ్ లైన్ నుంచి నడిపే కేసీఏడీఎం స్క్రిప్టే దిక్కు. ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్‌లో బిన్ లోపల ఉంటుంది: లినక్స్‌లో ఎస్‌హెచ్, విండోస్‌లో బ్యాట్. పక్కనే ఉండే కేసీ స్క్రిప్ట్ సర్వర్‌ను స్టార్ట్ చేయడానికి, ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్‌లకు. కేసీఏడీఎం నడుస్తున్న సర్వర్‌తో రెస్ట్ ఏపీఐ (ప్రోగ్రామ్‌లు హెచ్‌టీటీపీ మీద సర్వర్‌తో మాట్లాడే దారి) ద్వారా పని చేయిస్తుంది.

మొదట లాగిన్. కాన్ఫిగ్ క్రెడెన్షియల్స్ అనే కమాండ్‌కు సర్వర్ అడ్రస్, రియల్మ్‌గా (యూజర్లు, సెట్టింగ్‌లు విడిగా ఉండే విభాగం) మాస్టర్, యూజర్ పేరు ఇవ్వండి. పాస్‌వర్డ్ ఇవ్వకుండా వదిలేస్తే అదే అడుగుతుంది. కమాండ్‌లోనే రాస్తే షెల్ హిస్టరీలో మిగిలిపోతుంది, ప్రాసెస్ లిస్టులో అందరికీ కనిపిస్తుంది.

ఇక్కడ 404 వస్తే అడ్రస్ చివర చూడండి. పాత వెర్షన్లలో ఉండే ‘/ఆథ్’ 17వ వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా లేదు. ‘హెచ్‌టీటీపీఎస్ రిక్వైర్డ్’ అని వస్తే, బయటి ఐపీ నుంచి మామూలు హెచ్‌టీటీపీతో వెళ్తున్నారని అర్థం. దానికోసం ఎస్‌ఎస్‌ఎల్ నిబంధననే తీసేయకండి, సర్టిఫికెట్ పెట్టండి. అది సొంత సీఏ (సర్టిఫికెట్లు జారీ చేసే వ్యవస్థ) ఇచ్చిన సర్టిఫికెట్ అయితే కాన్ఫిగ్ ట్రస్ట్‌స్టోర్ కమాండ్‌తో ట్రస్ట్‌స్టోర్ ఫైల్ (నమ్మాల్సిన సర్టిఫికెట్లు ఉండేది) ఎక్కడుందో చెప్పాలి.

లాగిన్ అయ్యాక టోకెన్లు (లాగిన్‌కు రుజువుగా సర్వర్ ఇచ్చేవి) హోమ్ డైరెక్టరీలోని ‘.కీక్లోక్’ ఫోల్డర్‌లో, కేసీఏడీఎం.కాన్ఫిగ్ ఫైల్‌లో చేరతాయి. ఆ ఫైల్ చదవగలిగినవాడు, సెషన్ బతికున్నంతసేపూ అడ్మినే. పర్మిషన్ 600 (ఫైల్ యజమాని మాత్రమే చదవగలిగేది, రాయగలిగేది) ఉందో లేదో చూసుకోండి. ఇంకో ప్రమాదం: ఒకే యూజర్ కింద రెండు స్క్రిప్టులు రెండు సర్వర్లకు లాగిన్ అయితే, చివరగా లాగిన్ అయినదానికే తర్వాతి కమాండ్లన్నీ పోతాయి. టెస్ట్ సర్వర్‌లో చేయాల్సిన డిలీట్ ప్రొడక్షన్‌లో జరిగేది ఇలాగే. ప్రతి సర్వర్‌కూ --కాన్ఫిగ్ ఆప్షన్‌తో వేరే ఫైల్ ఇవ్వండి.

యూజర్‌ను క్రియేట్ చేసేటప్పుడు ‘ఎనేబుల్డ్=ట్రూ’ మరిచిపోతే అకౌంట్ తయారవుతుంది కానీ లాగిన్ కాదు. పాస్‌వర్డ్‌ను సెట్-పాస్‌వర్డ్ కమాండ్‌తో విడిగా పెట్టాలి. --టెంపరరీ జోడిస్తే మొదటి లాగిన్‌లోనే మార్చుకోమంటుంది.

గెట్ యూజర్స్ డిఫాల్ట్‌గా 100 మందినే ఇస్తుంది, ఇంకా ఉన్నారని హెచ్చరించదు. ముందు యూజర్స్/కౌంట్ అడిగి, ఆ సంఖ్యను బట్టి --ఆఫ్‌సెట్ (ఎక్కడి నుంచి), --లిమిట్ (ఎంతమంది) ఇవ్వండి. పేరుతో వెతికితే పేరులో భాగం కలిసినా చూపిస్తుంది: ‘టెస్ట్’ అంటే ‘టెస్ట్‌లీడ్’ కూడా వస్తుంది. ఆ ఫలితాన్ని నేరుగా డిలీట్‌కు అందించే ముందు ‘ఎగ్జాక్ట్=ట్రూ’ అని క్వెరీలో చేర్చి తీరాలి.

క్లయింట్ల (కీక్లోక్‌తో లాగిన్ చేయించుకునే అప్లికేషన్ల) దగ్గర ఎక్కువమంది తడబడేది ఐడీ విషయంలో. మనం పెట్టిన క్లయింట్ ఐడీ వేరు, సర్వర్ లోపల ఇచ్చుకున్న 36 అక్షరాల ఐడీ వేరు. అప్‌డేట్‌కు కావలసింది రెండోది. ముందు గెట్ క్లయింట్స్‌తో, క్లయింట్ ఐడీని క్వెరీగా ఇచ్చి దాన్ని తెచ్చుకోండి.

ఇక రీడైరెక్ట్ యూఆర్ఐలు, అంటే లాగిన్ అయ్యాక యూజర్‌ను తిరిగి పంపే అడ్రస్‌లు. ఉన్న రెండింటికి మూడోది చేర్చాలని, విలువలు పెట్టే -ఎస్ ఆప్షన్‌లో ఆ ఒక్కటే ఇస్తే, పాత రెండూ పోయి అది మాత్రమే మిగులుతుంది. కమాండ్ ఏ ఎర్రరూ ఇవ్వదు. కాసేపటికి మిగతా అప్లికేషన్ల లాగిన్ పేజీల్లో రీడైరెక్ట్ యూఆర్ఐ చెల్లదన్న ఎర్రర్ మొదలవుతుంది. అందుకే ముందు ఆ క్లయింట్‌ను గెట్ చేసి ఫైల్‌లో దాచి, పాతవీ కొత్తదీ కలిపి పూర్తి లిస్టు ఇవ్వండి. లిస్టు మొత్తాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టాలి. లేకపోతే లోపలి డబుల్ కోట్స్‌ను షెల్ తినేసి జేసన్ (ఆ లిస్టు రాసే ఫార్మాట్) పాడవుతుంది.

కన్సోల్‌లోని పార్షియల్ ఎక్స్‌పోర్ట్‌ను బ్యాకప్ అనుకోకండి. అందులో క్లయింట్ సీక్రెట్ల (క్లయింట్ల పాస్‌వర్డ్‌ల్లాంటివి) చోట నక్షత్రం (*) గుర్తులే ఉంటాయి, యూజర్లు రారు. సర్వర్ ఆపి కేసీ ఎక్స్‌పోర్ట్ నడపండి, డేటాబేస్ బ్యాకప్ దానికి అదనంగా ఉండాలి.

అడ్మిన్ పాస్‌వర్డ్ పూర్తిగా పోతే, 26వ వెర్షన్ నుంచి కేసీ బూట్‌స్ట్రాప్-అడ్మిన్ యూజర్ కమాండ్ ఉంది. నోడ్లన్నీ (కీక్లోక్ నడుస్తున్న మెషీన్లన్నీ) ఆపి నడిపితే తాత్కాలిక అడ్మిన్ వస్తాడు. దాంతో లాగిన్ అయ్యి అసలు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, తాత్కాలిక అకౌంట్‌ను వెంటనే డిలీట్ చేయండి.