ఫైలు సైజును మనిషి చదవగలిగేలా చూపించడం ఎలా?

బ్రౌజర్‌లో ఫైలును ఎంచుకున్న వెంటనే మన ప్రోగ్రాముకు దాని సైజు బైట్లలో అందుతుంది. 2050000 అన్న అంకెల వరుసను తెర మీద అలాగే ఉంచితే చూసేవారికి ఏమీ తెలియదు, దాన్ని 2.05 ఎంబీ అని చూపించాలి. ఈ పనికి ప్రెట్టీ బైట్స్ అనే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ సరిపోతుంది.

మొదటి దశ: ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను తెచ్చిపెట్టే సాధనం) ద్వారా లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసుకోండి. 6వ వెర్షన్ నుంచి ఇది ఈఎస్ మాడ్యూల్‌గా (జావాస్క్రిప్ట్ ప్రామాణిక మాడ్యూల్ పద్ధతిలో) మాత్రమే వస్తోంది కాబట్టి పాత నోడ్ వెర్షన్లలో రిక్వైర్ పనిచేయదు, ఇంపోర్ట్ వాడాలి.

రెండవ దశ: ఫంక్షన్‌కు బైట్ల సంఖ్యను ఇవ్వండి. 1337 ఇస్తే 1.34 కేబీ వస్తుంది. ఇచ్చేది తప్పనిసరిగా సంఖ్యే కావాలి, స్ట్రింగ్ ఇస్తే లైబ్రరీ టైప్ ఎర్రర్ విసురుతుంది. సర్వర్ ఫైలుతో పాటు దాని సైజును తెలుపుతూ పంపే కంటెంట్ లెంగ్త్ హెడర్ ఎప్పుడూ స్ట్రింగే కనుక దాన్ని ముందుగా సంఖ్యగా మార్చాలి. అయితే ఆ హెడర్ అసలు రాకపోతే మనకు నల్ (విలువ లేదని అర్థం) దొరుకుతుంది, నల్‌ను సంఖ్యగా మారిస్తే సున్నా అవుతుంది, సైజు తెలియని ఫైలు పక్కన 0 బైట్లు అని పడుతుంది. అందుకే మార్చే ముందే హెడర్ ఉందో లేదో చూసుకోవాలి.

ఇంత చిన్న పనికి లైబ్రరీ ఎందుకని చాలామంది లాగరిథమ్‌తో రాసిన నాలుగు వరుసల ఫంక్షన్‌ను ఎక్కడినుంచో తెచ్చి అతికిస్తారు. సున్నాకు లాగరిథమ్ రుణ అనంతం కాబట్టి, సున్నాను విడిగా చూసుకోని అలాంటి ఫంక్షన్‌కు ఖాళీ ఫైలు తగిలితే తెర మీద "నాన్ అన్‌డిఫైన్డ్" (సంఖ్య కాదు, యూనిట్ లేదు అని అర్థం) అని కనిపిస్తుంది. నేను సరిచేసిన ప్రాజెక్టుల్లో ఈ లోపం ఎన్నిసార్లు ఎదురైందో లెక్క లేదు.

మూడవ దశ: కిలో అంటే 1000 అనాలా, 1024 అనాలా అన్నది నిర్ణయించుకోండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే కనుక ఈ దశలో తొందరపడవద్దు.

ప్రెట్టీ బైట్స్ మామూలుగా 1000తో భాగిస్తుంది. బైనరీ అనే ఆప్షన్‌ను ట్రూ చేస్తే 1024తో భాగించి, యూనిట్‌ను కూడా కిబీబైటు, మెబీబైటు అని మార్చి చూపిస్తుంది. ఈ పేర్లను అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో ఆమోదించింది. విండోస్ మాత్రం నేటికీ 1024తో భాగించి పాత పేర్లే రాస్తుంది. పెట్టె మీద 500 జీబీ అని ఉన్న డిస్కు విండోస్‌లో 465 జీబీగా కనిపించేది అందువల్లనే. ఆపిల్ 2009లో తన మ్యాక్ వ్యవస్థను 1000 లెక్కకు మార్చింది. రెండు లెక్కల్లో ఏది ఎంచుకున్నా తప్పు కాదు, ఒక లెక్కతో భాగించి మరో లెక్క పేరు తగిలించడమే తప్పు.

నేను పనిచేసిన ఒక దరఖాస్తు ఫారంలో ఫోటో 2 ఎంబీ మించకూడదని రాసి ఉండేది. 2050000 బైట్ల ఫోటోను పెడితే తెర మీది ఫంక్షన్ 1024తో భాగించి 1.96 ఎంబీ అని చూపేది, సర్వర్ మాత్రం 2000000 బైట్లను హద్దుగా పెట్టుకుని దాన్ని తిరస్కరించేది. 1.96 అన్న అంకె కిందనే "2 ఎంబీ మించింది" అని ఎర్ర అక్షరాల్లో పడుతుంటే గడువు చివరి రోజున ఫారం నింపే విద్యార్థి ఏం చేయగలడు? దీనికి విరుద్ధంగానూ జరుగుతుంది. ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ సెట్టింగులో 2ఎం అని రాస్తే దాని అర్థం 2097152 బైట్లు, అదే సంఖ్యను ప్రెట్టీ బైట్స్‌కు ఇస్తే 2.1 ఎంబీ అంటుంది, అంటే తెర మీద 2 ఎంబీ దాటినట్టు కనిపించే ఫైలును కూడా సర్వర్ ఒప్పుకోవచ్చు.

కాబట్టి హద్దును ఎప్పుడూ బైట్లలో ఒకేచోట నిర్వచించండి. సర్వర్ తనిఖీ ఆ సంఖ్యతోనే జరగాలి, "ఇంతకు మించకూడదు" అన్న వాక్యంలోని సైజు కూడా ఆ సంఖ్యను అదే ఫంక్షన్‌కు ఇచ్చి తెప్పించుకున్నదై ఉండాలి. ఆ వాక్యంలో సైజును చేత్తో టైపు చేయకూడదు. సాధారణ పాఠకుల కోసం కట్టే పేజీలో 1000 లెక్కనే వాడాలి, మెబీబైటు అన్న పేరు చూసి ఆగిపోని మామూలు మనిషి నాకు ఇంతవరకు కనబడలేదు.

నాల్గవ దశ: లైబ్రరీని పేజీకొకచోట నేరుగా పిలవకుండా, మీ ఆప్షన్లన్నీ కలిపి ఒక చిన్న ఫంక్షన్‌గా చుట్టి, అంతటా దాన్నే వాడండి.

తెలుగు పేజీ అయితే లొకేల్ (భాషను, ప్రాంతాన్ని తెలిపే) ఆప్షన్‌లో తెలుగు కోడ్ ఇవ్వవచ్చు. తెలుగు అంకెలు కావాలని కోడ్‌లోనే అడిగితే ౨.౦౫ అని కూడా వస్తుంది, కానీ యూనిట్ ఇంగ్లీషు అక్షరాల్లోనే మిగిలిపోతుంది. ఆ రెంటి కలయిక చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి అంకెలను 2.05 అనే ఉంచాలి. కిలోబైటుకు లైబ్రరీ ఇచ్చే చిన్న కె అక్షరాన్ని అందం కోసం పెద్దదిగా మార్చవద్దు, కొలమానాల్లో పెద్ద కె కెల్విన్‌కు గుర్తు.

చివరగా 0, 999, 1000, 999999, 2097152 సంఖ్యలను వరుసగా ఇచ్చి ఫలితాలను కళ్లతో చూడండి. ముఖ్యంగా 999999 దగ్గర మీ వెర్షన్ 1 ఎంబీ అంటుందో 1000 కేబీ అంటుందో గమనించి, ఆ ఫలితాన్నే టెస్టులో రాసిపెట్టుకోండి.