చర్మ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఏం చూసుకోవాలి, డాక్టర్‌కి ఎప్పుడు చూపించుకోవాలి

గడ్డ తీసేశారు, కుట్లు మానాయి, నొప్పి కూడా లేదు, ఇక ఆసుపత్రితో పనేముందని చాలామంది చెకప్‌లు మానేస్తారు. దయచేసి మానకండి.

ముందుగా బయాప్సీ రిపోర్ట్ (తీసిన ముక్కని ల్యాబ్‌లో పరీక్షించి ఇచ్చేది) కాపీ తీసుకుని దాచుకోండి, మీకు వచ్చింది ఏ రకమో అందులోనే ఉంటుంది. చర్మ క్యాన్సర్ ఒంట్లో వేరే చోట్లకు పాకే గుణం దాని రకాన్ని బట్టి ఉంటుంది. బేసల్ సెల్ రకం వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు, కాకపోతే అదే చోట మళ్లీ రావచ్చు. స్క్వామస్ సెల్ అనే ఇంకో రకం చాలావరకు ఆపరేషన్‌తోనే నయమవుతుంది గానీ, పెదవి మీదో చెవి మీదో వచ్చినా, లోతుగా దిగినా, అవయవ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లకు వచ్చినా ముప్పు ఎక్కువ. మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో వచ్చే రకం) అయితే అస్సలు అశ్రద్ధ చేయకూడదు. ఆ రిపోర్ట్‌లో బ్రెస్లో మందం అని, చర్మంలోకి ఎంత లోతుకు దిగిందో చెప్పే, మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది, అది 1 లోపు ఉంటే పాకే అవకాశం తక్కువ, 4 దాటితే బాగా పెరుగుతుంది. మచ్చ పైకి ఎంత పెద్దగా కనిపించిందనేదానికంటే ఎంత లోతుకు దిగిందనేదే ముఖ్యం. అంచులు క్లియర్‌గా వచ్చాయా, అంటే తీసేసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవు కదా అని కూడా అడగండి, మొహమాటం వద్దు.

తర్వాత నెలకోసారి మీరే చూసుకోవాలి. మంచి వెలుతురులో ఆపరేషన్ మచ్చ మీద, దాని చుట్టూ వేళ్లతో మెల్లగా తడమండి, చర్మం కింద బఠాణీ గింజలా గట్టిగా ఏమైనా తగులుతోందేమో. పాకడమంటూ జరిగితే చాలాసార్లు ముందు దగ్గర్లోని లింఫ్ గ్రంథులకే (వాచినప్పుడు బిళ్ళల్లా తగిలేవి) చేరుతుంది, అందుకే కాలి మీద వచ్చినవాళ్లు గజ్జలు, చేతి మీద అయితే చంక, ముఖం మీదో తల మీదో అయితే మెడ, చెవుల ముందూ వెనకా చూసుకోవాలి. చంక చూసేటప్పుడు చెయ్యి పైకెత్తి ఉంచకండి, కిందికి వదులుగా వదిలేస్తేనే వేళ్లు లోపలిదాకా వెళ్తాయి. కాలికి పుండు పడినా గజ్జల్లో బిళ్ళ కడుతుంది, అది సాధారణంగా నొప్పి పెట్టి కొన్నాళ్లకు తగ్గిపోతుంది. నొప్పే లేదు కదా అని వదిలేసే గట్టి బిళ్ళే ఎక్కువ అనుమానించాల్సింది, రెండు మూడు వారాలైనా తగ్గకపోతే చూపించండి. కొత్త మచ్చల కోసం అరికాళ్లు, గోళ్ల కింద కూడా చూడండి, వీపు ఇంట్లోవాళ్లని చూడమనండి.

చెకప్‌లు ఎన్నాళ్లకోసారి అన్నది స్టేజీని బట్టి డాక్టర్ చెప్తారు, మెలనోమాకి మొదటి రెండు మూడేళ్లు తరచుగా, తర్వాత ఏడాదికోసారి ఉండొచ్చు. పదేళ్లు దాటాక తిరగబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. తొలి దశలో అందరికీ స్కాన్లు అక్కర్లేదు, రాయలేదని టెన్షన్ పడకండి. కానీ తగ్గని దగ్గు, కొత్తగా మొదలై వదలని తలనొప్పి, ఎముకల నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటివి కనిపిస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ముందే ఫోన్ చేసి వెళ్లండి, పాత రిపోర్ట్ వెంట తీసుకెళ్లండి.