ఫీచర్డ్ ఇమేజ్ ఎంత సైజులో ఉండాలి?

వెబ్‌సైట్లు, బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్‌లో చాలామంది ఫోన్‌లో తీసిన ఫొటోనే ఫీచర్డ్ ఇమేజ్‌గా, అంటే పోస్టుకి ముఖచిత్రంగా పెట్టేస్తారు. వెడల్పు 4000 పిక్సెళ్లు, బరువు నాలుగైదు ఎంబీలు. 5.3 వెర్షన్ నుంచి 2560 పిక్సెళ్లు దాటిన జేపీజీని వర్డ్‌ప్రెస్సే కుదిస్తోంది గానీ, బొమ్మని 800 పిక్సెళ్లలో చూపించే థీమ్‌కి (సైట్ డిజైన్‌కి) అదీ ఎక్కువే.

అప్‌లోడ్‌కి ముందే 1200×630కి కత్తిరించండి. ఫేస్‌బుక్ లింక్ ప్రివ్యూకీ అదే కొలత సరిపోతుంది. స్కూష్ లాంటి ఉచిత టూల్‌లో వెబ్‌పీగా (తక్కువ బరువుండే ఇమేజ్ ఫార్మాట్), క్వాలిటీ 75 పెట్టి సేవ్ చేస్తే మామూలు ఫొటో 100 కేబీ అటూ ఇటూగా వస్తుంది. బొమ్మ మీద తెలుగు అక్షరాలుంటే మాత్రం 85 పెట్టండి, లేకపోతే ఒత్తులూ గుడులూ అలుక్కుపోతాయి. ఫొటోలకి పీఎన్‌జీ వద్దే వద్దు.

సెట్టింగ్స్‌లోని మీడియా పేజీలో సైజులు మార్చినా పాత బొమ్మలు మారవు. వాటిని కొత్త సైజుల్లో మళ్లీ తయారుచేసే రీజెనరేట్ థంబ్‌నెయిల్స్ ప్లగిన్ ఒకసారి నడపాలి, ముందు బ్యాకప్ తీసుకుని.

ఇంకోటి: పేజీ పైభాగంలోనే కనిపించే ఫీచర్డ్ ఇమేజ్‌కి లేజీ లోడ్ (స్క్రోల్ చేసి దగ్గరికొచ్చాకే బొమ్మని తెచ్చే పద్ధతి) ఉండకూడదు. ఉంటే బ్రౌజర్ బొమ్మని ఆలస్యంగా తెస్తుంది, ఎల్‌సీపీ (పేజీలోని అతిపెద్ద భాగం ఎంత త్వరగా కనిపిస్తుందో చెప్పే కొలత) స్కోరు పడిపోతుంది. సైట్ వేగం పెంచే క్యాష్ ప్లగిన్ లేజీ లోడ్ చేస్తుంటే, అందులో ఈ బొమ్మని మినహాయింపుల జాబితాలో చేర్చండి.