డెస్క్‌టాప్‌కు నీటి కూలింగ్ – నాలుగో పాఠం: ఎండాకాలానికి ఏది కొనాలి, వేడెక్కితే ఎక్కడ వెతకాలి

గత పాఠంలో పంపు, ప్రాసెసర్‌కు ఆని వేడి లాగే కోల్డ్ ప్లేట్, రేడియేటర్, గొట్టాలు, ఫ్యాన్లు ఒక్కొక్కటి ఏ పని చేస్తాయో చూశాం. ఈసారి రెండు పనులున్నాయి. ఒకటి మన ఎండలకు తట్టుకునేది ఎంచుకోవడం, రెండోది బిగించాక కూడా వేడెక్కుతుంటే తప్పు పట్టుకోవడం. మొదటిది తొందరగానే తేలిపోతుంది. అసలు సమయం రెండోదానికే పడుతుంది.

ముందు గది వేడి

నీటి కూలింగ్ చల్లదనాన్ని పుట్టించదు. చిప్ (ప్రాసెసర్) దగ్గర పుట్టిన వేడిని రేడియేటర్ దాకా మోసుకొచ్చి గది గాలిలో కలుపుతుంది, అంతే. గదిలో ఉన్న గాలి కంటే నీరు చల్లబడే మాటే లేదు. యూట్యూబ్ సమీక్షల్లో చూపించే అంకెలు ఎక్కువగా ఏసీ గదిలో, 21 నుంచి 25 డిగ్రీల మధ్య తీసినవి. మే నెలలో నల్లగొండలో బయట 44, 45 డిగ్రీలు పడే రోజులుంటాయి. పైన ఎండ తగిలే స్లాబు కింది గదిలో పొద్దుగూకాక కూడా 38, 40 తగ్గదు. సమీక్షలో 25 డిగ్రీల గదిలో 72 చూపించిన కూలర్ మన 40 డిగ్రీల గదిలో దాదాపు 87 చూపిస్తుంది. కూలర్ పాడవలేదు, గది తేడా 15 డిగ్రీలు అందులో వచ్చి కలిశాయి.

ఇక ప్రాసెసర్ ఎన్ని వాట్లు తాగుతుందో చూడాలి. పెట్టె మీద పెద్దగా రాసే అంకెను నమ్మొద్దు. ఇంటెల్ ఐ5-13400 మీద 65 వాట్లు అని ఉంటుంది, జోరుగా పనిచేసేటప్పుడు 148 దాకా పోవచ్చు. ఐ7-13700కె 125 అంటుంది, హద్దు 253. ఏఎండీ రైజెన్ 5 7600 మీద 65, నిజంగా తీసుకునేది 88 దాకా. రైజెన్ 9 7950ఎక్స్ 170 అని చెప్పి 230 దాకా తీసుకుంటుంది.

మా సలహా సూటిగా చెబుతాం. 90 వాట్ల లోపు ప్రాసెసర్‌కు నీటి కూలింగ్ అవసరం లేదు. మంచి టవర్ ఎయిర్ కూలర్ (ప్రాసెసర్ మీద ఫ్యాన్‌తో నిలబడే లోహపు దిమ్మె) చాలు, పంపు పోతుందన్న భయమూ ఉండదు. 150 వాట్ల దగ్గర తిరిగేవాటికి 240 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్నది సరిపోతుంది. 250 వాట్ల జాతికి 360 కావాలి, అది పెట్టినా మన వేసవిలో బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) పవర్ హద్దును 180 వాట్లకు దించుకోవడం మంచిది. ఆటల్లో తేడా తెలియదు, వీడియో రెండరింగ్‌లో కాస్త ఆలస్యమవుతుంది. 120 మిల్లీమీటర్ల నీటి కూలర్‌ను మాత్రం ఎవరికీ చెప్పం. ఆ డబ్బుతో వచ్చే ఎయిర్ కూలర్ అంత పనీ చేస్తుంది.

280 సైజును చాలామంది పట్టించుకోరు. లెక్క వేసి చూడండి. 240కి ఫ్యాన్ల కింది విస్తీర్ణం రెండు సార్లు 120 × 120, అంటే 28,800 చదరపు మిల్లీమీటర్లు. 280కి అది 39,200, 360కి 43,200. అంటే 280 దాదాపు 360కి దగ్గరగా వచ్చేస్తుంది. క్యాబినెట్‌లో 360 పట్టనివాళ్లకు ఇదే దారి. కాకపోతే వెడల్పు 140 ఉంటుంది, క్యాబినెట్ అందుకు ఒప్పుకోవాలి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బండెక్కే ముందే స్కేలు పెట్టి కొలవండి. మామూలు రేడియేటర్ మందం 27 మిల్లీమీటర్లు, ఫ్యాన్ 25, కలిపి 52. క్యాబినెట్ పైకప్పు నుంచి మదర్‌బోర్డు అంచు దాకా కనీసం 55 ఉండాలి. తలమీద లైట్లున్న పొడుగు ర్యామ్ ఉంటే అదీ కొలవాలి. పేరుకు 360 అయినా రేడియేటర్ అసలు పొడవు దాదాపు 395 ఉంటుంది. రేడియేటర్ కొసల్లో నీరు చేరే డబ్బాల దగ్గర గొట్టం వంపు తిరగడానికి కూడా చోటు వదలాలి. ఇది కొలవకుండా తెచ్చుకుంటే మళ్లీ వంద కిలోమీటర్లు పోయి రావాలి.

పాత కూలర్ చేతిలో ఉంటే సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) చూసుకోండి. ఇంటెల్ ఎల్‌జీఏ 1200లో కూలర్ బిగించే రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, ఎల్‌జీఏ 1700లో 78. పాత బ్రాకెట్ కూర్చోదు, కూర్చోబెట్టినా సరిగ్గా ఆనదు. ఏఎండీ సాకెట్లయితే ఏఎం4 కూలర్లలో చాలావరకు ఏఎం5కు పనికొస్తాయి, కానీ ఏఎం5లో బోర్డు వెనక పలక ఊడదు. కూలర్‌తో పాటు సొంత పలక వచ్చే రకమైతే కొనే ముందు అడగండి.

సొంతంగా గొట్టాలు కలుపుకుని కట్టే లూప్ గురించి ఏడో పాఠంలో వివరంగా వస్తుంది. ఇప్పటికి నాలుగు హెచ్చరికలు చాలు. బోరు నీళ్లు పోయొద్దు. మన జిల్లాల్లో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు, ఇక్కడ అంతకంటే పెద్ద శత్రువు సున్నం. కోల్డ్ ప్లేట్ లోపలి సన్నటి రాగి గాళ్లలో అదే పేరుకుంటుంది. ప్లాంటు నుంచి వచ్చే ఆర్వో క్యాన్ నీళ్లలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్, దానికి తుప్పు పట్టకుండా, పాచి పెరగకుండా కలిపే మందు, లేదా తయారుగా కలిపి అమ్మే కూలెంట్ వాడండి. అల్యూమినియం రేడియేటర్‌ను, కోల్డ్ ప్లేట్ ఉండే రాగి బ్లాకుతో ఒకే నీటిలో కలపొద్దు, అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. గట్టి ప్లాస్టిక్ గొట్టాలు కావాలంటే పెట్జీ రకం కంటే అక్రిలిక్ రకం నయం. నీరు 60 డిగ్రీలకు దగ్గరపడితే పెట్జీ మెత్తబడి ఫిట్టింగ్ దగ్గర జారుతుంది.

తప్పు పట్టుకోవడం: గడియారం చూస్తూ

"95 డిగ్రీలు వస్తోంది" అంటే దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. రైజెన్ 7000 వరుసలో చాలావరకు 95 దాకా పోయేలాగే చేసినవి. పైన చెప్పిన ఇంటెల్ చిప్‌ల హద్దు 100. ఆ వేడి ఎంతసేపట్లో ఎక్కిందన్నది తప్పు ఎక్కడుందో చెబుతుంది.

ఎందుకో చిన్న లెక్క. 200 మిల్లీలీటర్ల నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 840 జౌల్‌ల వేడి కావాలి (ఒక వాటు అంటే సెకనుకు ఒక జౌల్). 150 వాట్ల ప్రాసెసర్ ఆ వేడి ఇవ్వడానికి ఐదున్నర సెకన్లు పడుతుంది. అంటే మొదటి మూడు సెకన్లలో నీరు ఒక్క డిగ్రీ కూడా పెరగలేదు. ఆ మూడు సెకన్లలోనే చిప్ 95కు చేరితే నీటినీ, రేడియేటర్‌నూ, ఫ్యాన్లనూ తిట్టి లాభం లేదు. వేడి అసలు నీటి దాకా రావడమే లేదు.

కావలసినవి: వేడి, వాట్లు, వేగం చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్ ప్రోగ్రాం, గోడకు తగిలించే థర్మామీటర్, ఫోన్‌లో స్టాప్‌వాచ్. కంప్యూటర్ ఆన్ చేసి పది నిమిషాలు ఊరికే వదిలేయండి. గది వేడి రాసుకోండి. సినీబెంచ్ మల్టీకోర్ పరీక్ష మొదలుపెట్టి 3 సెకన్లు, 30 సెకన్లు, 2, 5, 10, 15 నిమిషాల దగ్గర చిప్ వేడి, తాగుతున్న వాట్లు, పంపు వేగం రాసుకోండి. వాట్ల వరస వదిలేయొద్దు. కొన్ని మదర్‌బోర్డులు అడక్కుండానే పవర్ హద్దు ఎత్తేస్తాయి. 250 వాట్లు తాగుతున్న చిప్ ఒక్క సెకనులో 90 దాటితే అది తప్పు కాదు, ఆ చిప్ స్వభావం. ముందు హద్దు దించి పరీక్ష మళ్లీ చేయండి.

వాట్లు మామూలుగా, 100 దగ్గరో 120 దగ్గరో ఉండి కూడా మూడు సెకన్లలో చిప్ హద్దు తాకితే కోల్డ్ ప్లేట్ సరిగ్గా ఆనలేదు. కోల్డ్ ప్లేట్ కింద అంటించి వచ్చే పల్చటి ప్లాస్టిక్ పొర తీయడం మరిచారేమో ముందు అదే చూడండి. దుకాణంలో బిగించి ఇచ్చినవాటిలోనూ ఇది దొరుకుతుంది. తర్వాత స్క్రూలు. ఒక మూల పూర్తిగా బిగించి రెండో మూలకు పోతే ప్లేటు వాలుతుంది. ఎదురెదురు మూలలకు రెండేసి చుట్లు తిప్పుతూ, ఆగేదాకా పోవాలి. ప్లేటు తీసి చూసినప్పుడు, చిప్‌కూ ప్లేటుకూ మధ్య పూసే థర్మల్ పేస్టు అచ్చు ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా ఉంటే వాలినట్టే. మధ్యలో పేస్టు అలాగే కుప్పగా మిగిలిందంటే స్టాండాఫ్ (కూలర్ స్క్రూలు బిగిసే చిన్న స్తంభం) తప్పు, ఇంటెల్‌ది ఏఎండీకో, పాత సాకెట్‌ది కొత్తదానికో వేశారు.

రెండో రకం వేరుగా ఉంటుంది. మొదట బాగానే ఉండి, రెండు మూడు నిమిషాల్లో ఎక్కడా ఆగకుండా పైకి పోతుంది. బయోస్ తెర మీద ఊరికే కూర్చున్నా 60, 70, 80 అని ఎక్కుతూనే ఉంటుంది. ఇది పంపు. నీరు నిలబడిపోయింది.

ఇక్కడ చేత్తో పట్టి చూసేది ఒకటుంది. రెండు గొట్టాలనూ బ్లాకు దగ్గర పట్టుకోండి. నీరు నిమిషానికి ఒక లీటరు తిరుగుతుంటే 150 వాట్ల వేడి దాన్ని 2 డిగ్రీల పైచిలుకు మాత్రమే పెంచుతుంది. మన వేళ్లకు అంత తేడా సరిగ్గా తెలియదు. అందుకే బాగా నడిచే కూలర్‌లో రెండు గొట్టాలూ ఒకేలా వెచ్చగా తగులుతాయి. "ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటేనే పనిచేస్తున్నట్టు" అని చెప్పేవాళ్లున్నారు, అది తలకిందులు. ఒక గొట్టం కాలుతూ, రెండోదీ రేడియేటరూ గది వేడిలోనే ఉంటే నీరు కదలడం లేదు.

కదలకపోవడానికి పంపు చచ్చిపోవడం ఒక్కటే కారణం కాదు. ముందు ప్లగ్గు చూడండి. పంపు వైరును మామూలు ఫ్యాన్ పిన్నులకు తగిలిస్తే, మదర్‌బోర్డు ఫ్యాన్‌కు తగ్గించినట్టే దానికీ వేగం తగ్గించేస్తుంది, కొన్ని పంపులు ఆ తక్కువ కరెంటుకు తిరగనే తిరగవు. ఏఐఓ పంప్ అని రాసిన పిన్నులకు తగిలించి (ఏఐఓ అంటే ఆల్-ఇన్-వన్, కంపెనీలోనే నీరు నింపి మూసి ఇచ్చే కూలర్), బయోస్‌లో ఎప్పుడూ పూర్తి వేగం అని పెట్టండి. కొన్ని రకాలకు పవర్ సప్లైకి తగిలించే సాటా పవర్ వైరు విడిగా ఉంటుంది, అది వదిలేస్తే లైటు కూడా వెలగదు. వేగం దగ్గర సున్నా చూపించినంత మాత్రాన పంపు పోయినట్టు కాదు, వేగం చెప్పే వైరు తెగి ఉండొచ్చు. బ్లాకు మీద వేలు పెట్టి సన్నటి వణుకు ఉందో లేదో చూడండి. వణుకు ఉంది, వేగం సరిగ్గా ఉంది, రేడియేటర్ మాత్రం చల్లగా ఉంది అంటే కోల్డ్ ప్లేట్ లోపలి గాళ్లు మడ్డితో మూసుకుపోయాయి. వారంటీ ఉంటే మార్చుకోండి. ఐదారేళ్లు నడిచినదైతే కొత్తది కొనడమే.

మూడో రకమే మన దగ్గర ఎక్కువ. పది, పదిహేను నిమిషాలు మెల్లగా ఎక్కి, చివరికి ఎత్తయిన చోట నిలబడుతుంది. నీరు తిరుగుతోంది, వేడి తెస్తోంది, గాలి దాన్ని తీసుకుపోలేకపోతోంది. పక్క తలుపు తీసి ఇంకో పది నిమిషాలు నడపండి. ఐదు డిగ్రీలో అంతకంటే ఎక్కువో దిగితే లోపలికి గాలి చాలడం లేదు. ముందు జాలీ శుభ్రం చేయండి, వెనక ఒక ఫ్యాన్ పెంచండి. ఏమీ దిగకపోతే రేడియేటర్ చూడాలి. పైనుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. దుమ్ము చాపలా పరుచుకునేది ఫ్యాన్‌కూ రేడియేటర్‌కూ మధ్య, ఫ్యాన్ విప్పితేగానీ కనబడదు. జిన్నింగ్ మిల్లుల దగ్గరి ఇళ్లలో పత్తి నూగు కూడా చేరి దళసరిగా పడుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే అడ్డగోలు వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది. ఫ్యాన్ దిక్కు కూడా సరిచూడండి. అడ్డ పట్టీలున్న వైపు నుంచి గాలి బయటికి పోతుంది.

గదిని చల్లబరిచే నీళ్ల ఎయిర్ కూలర్ ఉన్నవాళ్లకు ఒక మాట. దాని గాలిని నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పొద్దు. ఆ తడికి రేడియేటర్ గాళ్లలోని దుమ్ము మెత్తగా పిండి కట్టి, తర్వాత బ్లోయర్‌కు కూడా రాదు. కిటికీ ఒకటి తీసి ఉంచి, కూలర్‌ను గది మొత్తానికి తిరగనిస్తే గది వేడి తగ్గినంతా చిప్ వేడి కూడా తగ్గుతుంది. కూలర్ టబ్బులో నీళ్లు తోడి గొట్టాల్లో తిప్పుదామని, ఐసు గడ్డలు వేద్దామని ప్రతి వేసవిలో ఎవరో ఒకరు అడుగుతారు. సున్నం సంగతి పైన చెప్పాం. ఐసు వేస్తే నీరు గది కంటే చల్లబడి, గాలిలోని తేమకు గొట్టాల మీద చెమట పట్టి మదర్‌బోర్డు మీద కారుతుంది.

గుడగుడ చప్పుడుకు కారణం గాలి బుడగలు. ఏఐఓ కూలర్లలో కొంత గాలి ఎప్పుడూ ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గొట్టం గుండా నీరు కొద్దికొద్దిగా ఆవిరై అది పెరుగుతుంది. రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉంటే ఆ గాలి అక్కడే ఆగుతుంది. క్యాబినెట్ పైన బిగించడం అన్నిటికంటే మేలు. ముందు వైపు బిగిస్తే గొట్టాలు కింది వైపు రావాలి. అడుగున బిగిస్తే గాలంతా పంపులోకి వచ్చి చేరుతుంది, అలా చేయొద్దు.

గొట్టం మొదట్లో పచ్చగానో తెల్లగానో మరక, జిగురు కనిపిస్తే స్విచ్చు కాదు, ప్లగ్గే పీకండి. తుడిచి మళ్లీ వాడదామని చూడకండి.

వచ్చే పాఠానికి ముందు

పైన చెప్పిన ఆరు సమయాల పట్టిక రెండు సార్లు రాయండి. ఒకసారి తెల్లవారుజామున, గది చల్లగా ఉన్నప్పుడు. ఇంకోసారి మధ్యాహ్నం మూడింటికి. 15వ నిమిషం చిప్ వేడి నుంచి గది వేడి తీసేయండి. వాట్లు రెండుసార్లూ ఒకేలా ఉంటే రెండు మిగుళ్లు రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. మధ్యాహ్నపు మిగులు అంతకంటే ఎక్కువగా ఉంటే క్యాబినెట్ తన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటోందేమో, వెనక గోడకు ఎంత దూరంలో ఉందో చూడండి.

ఐదో పాఠంలో కూలర్ విప్పి, పేస్టు మార్చి, రేడియేటర్ శుభ్రం చేస్తాం. అప్పటికి పెద్ద ప్లస్ స్క్రూడ్రైవర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా, నూగు రాలని గుడ్డ, మెత్తటి పెయింట్ బ్రష్, 2 గ్రాముల థర్మల్ పేస్టు తెచ్చి పెట్టుకోండి.