టెక్సాస్‌కి కొత్తగా వచ్చారా? ఇక్కడి ఎన్నికల గురించి కొంచెం

ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇర్వింగ్‌లోనో దిగి, కారు కొనుక్కుని, పిల్లల్ని బళ్లో వేసి ఊపిరి పీల్చుకునేలోపే రోడ్డు పక్క గడ్డిలో పాతిన ఎన్నికల బోర్డులు కనిపిస్తాయి. చాలావాటి మీద పార్టీ పేరు కూడా ఉండదు. మనకి ఓటు లేదు కదా, మనకెందుకు అనుకుంటారు. ఓటు లేకపోయినా ఈ గొడవంతా మీ ఇంటి పన్నుకీ మీ పిల్లల బడికీ తగిలేదే.

ముందు వీసా సంగతి. హెచ్‌1బీ అయినా, గ్రీన్ కార్డు అయినా, పౌరసత్వం వచ్చేదాకా ఓటరుగా నమోదు చేసుకోకూడదు. డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో ఓటరు నమోదు ప్రశ్న ఒకటి ఉంటుంది, కంగారులో అన్నిటికీ 'అవును' అని టిక్కు పెట్టుకుంటూ పోకండి. పౌరుణ్ణని తప్పుగా చెప్పుకున్నారంటే రేపు పౌరసత్వం దరఖాస్తు దగ్గరే కాదు, దేశంలో ఉండటానికే ఇబ్బంది రావచ్చు. అభ్యర్థులకి చందాలూ అంతే: గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు, హెచ్‌1బీ వాళ్లు ఇవ్వకూడదు. దోస్తు పట్టుబట్టి ఫండ్‌రైజర్‌కి తీసుకెళ్లినా సరే, చెక్కు మాత్రం రాయకండి.

ఇక పార్టీలు. ఖమ్మం నుంచి వచ్చినవాళ్లకి ఎరుపంటే కమ్యూనిస్టులే గుర్తొస్తారు, ఇక్కడ ఎరుపు రిపబ్లికన్లది, నీలం డెమోక్రాట్లది. టెక్సాస్ గట్టి ఎరుపు. 1994 తర్వాత రాష్ట్రమంతా కలిసి ఓటేసే పదవుల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా డెమోక్రాట్లు గెలవలేదు, అధ్యక్ష ఎన్నికల్లో అయితే 1976లో జిమ్మీ కార్టరే ఆఖరు. అందుకే నవంబరులో టీవీ ముందు కూర్చుని టెన్షన్ పడేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే రాష్ట్ర స్థాయిలో అసలు పోటీ మార్చిలో ప్రైమరీల్లోనే, అంటే ప్రతి పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లోనే, అయిపోతుంది. ఇక్కడ ఫలానా పార్టీ ఓటరని ముందుగా రాయించుకోనక్కర్లేదు, ఆ రోజు వెళ్లి ఏ పార్టీ ప్రైమరీ కావాలంటే అందులో ఓటేయొచ్చు, కాకపోతే ఒక్కదాంట్లోనే. సగానికి మించి ఎవరికీ ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ, దాన్నే రనాఫ్ అంటారు. 2012లో అమెరికా సెనేట్ సీటుకి రిపబ్లికన్ ప్రైమరీలో టెడ్ క్రూజ్ మొదటి విడతలో లెఫ్టినెంట్ గవర్నర్ డేవిడ్ డ్యూహర్స్ట్ కన్నా బాగా వెనకబడ్డాడు, ఎండాకాలంలో జరిగిన రనాఫ్‌లో గెలిచాడు, ఇప్పటికీ సెనేటరే. రెండున్నర కోట్లకు పైగా జనం ఉన్న రాష్ట్రంలో ఆ రనాఫ్‌కి ఓటేసింది సుమారు 11 లక్షల మంది! ప్రైమరీకి కదిలే ఆ కొద్దిమందికే అభ్యర్థులు జవాబుదారీ, అందుకే ఇక్కడి నాయకుల మాటలు అంత ఘాటుగా ఉంటాయి.

మనవాళ్ల విందుల్లో ఏ వారాంతమైనా ఎవరో ఒకరు 'టెక్సాస్ రేపోమాపో నీలం అయిపోతుంది' అంటారు. 2018లో బేటో ఓరూర్క్ అదే క్రూజ్ మీద మూడు శాతం లోపు తేడాతో ఓడినప్పుడు, 2020లో ట్రంప్ ఆధిక్యం ఆరు శాతం లోపుకి పడిపోయినప్పుడు, అందరూ అదే అన్నారు. 2024లో ట్రంప్ 14 శాతం దగ్గర తేడాతో గెలిచాడు. మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) రిపబ్లికన్లకి 2012లో 65 శాతం దాకా వచ్చింది, 2020లో అది 51కి దిగింది, 2024లో మళ్లీ 54 దాకా ఎక్కింది. మెక్సికో సరిహద్దులో ఉన్న స్టార్ కౌంటీలో దాదాపు అందరూ హిస్పానిక్‌లే (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు), 1892 తర్వాత అక్కడ రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గెలిచింది 2024లోనే. వలస వచ్చినవాళ్లు పెరిగితే ఒక పార్టీ ఖాతాలో పడిపోతారన్న లెక్క తప్పని అక్కడే తేలిపోయింది. మన విషయంలో కూడా ఆ లెక్క వేసుకోకండి.

పైగా నియోజకవర్గాల గీతలు గీసేది శాసనసభే. మామూలుగా పదేళ్లకోసారి జనగణన తర్వాత గీస్తారు, 2025లో మధ్యలోనే మళ్లీ గీశారు, అమెరికా ప్రతినిధుల సభలో రిపబ్లికన్లకి ఇంకో ఐదు సీట్లు రావాలని. దాన్ని ఆపడానికి డెమోక్రాట్ శాసనసభ్యులు రాష్ట్రం దాటి ఇల్లినాయ్‌కి వెళ్లిపోయారు. మన క్యాంపు రాజకీయాలు తెలిసినవాళ్లకి ఇది కొత్తేం కాదు, కాకపోతే వీళ్లు వెళ్లింది ఎవరూ ఎత్తుకుపోకుండా కాదు, సభలో కోరం లేకుండా చేయడానికి. 150 మంది సభలో వంద మంది లేకపోతే పని జరగదు. చివరికి తిరిగొచ్చారు, కొత్త మ్యాపు పాసైంది.

పదవుల పేర్లతో జాగ్రత్త. కౌంటీ జడ్జి అంటే ప్రధానంగా కోర్టులో తీర్పులిచ్చే ఆయన కాదు, కౌంటీ పాలన నడిపే ఆయన. రైల్‌రోడ్ కమిషన్‌కి రైళ్లతో సంబంధం లేదు, చమురు, గ్యాసు చూసుకుంటుంది. లెఫ్టినెంట్ గవర్నర్ ఉత్సవ విగ్రహం అనుకోకండి, రాష్ట్ర సెనేట్‌లో ఏ బిల్లు కదలాలో ఆయన చేతిలోనే ఉంటుంది.

నన్నడిగితే కొత్తవాళ్లు మొదట చూడాల్సింది ఇవేవీ కాదు, స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్. చాలా ఊళ్లలో ఇవి మే మొదటి శనివారం జరుగుతాయి, బ్యాలెట్‌లో పార్టీ పేరుండదు, కొద్దిమందే వస్తారు, వందల ఓట్లతో ఫలితం మారిపోతుంది. రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదని సంబరపడతాం కానీ ఇంటి మీద కట్టే ఆస్తి పన్నులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. 2024 నవంబరులో ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ పన్ను పెంపు, బాండ్ల (అంటే అప్పు తెచ్చుకునే) ప్రతిపాదనలు పెడితే ఓటర్లు వద్దన్నారు. బోర్డు సమావేశాల్లో మాట్లాడటానికి పౌరసత్వం అడగరు, వెళ్లి కూర్చోండి.

పౌరసత్వం వచ్చాక మాత్రం ఆలస్యం చేయకండి. ఎన్నికకి 30 రోజుల ముందే నమోదు అయిపోవాలి, ఫారం నింపి సంతకం పెట్టి కౌంటీకి పోస్టులో పంపడమే సులువు. ఓటేయడానికి వెళ్లేటప్పుడు ఫోటో ఉన్న గుర్తింపు కార్డు తీసుకెళ్లండి, లోపల ఫోను వాడనివ్వరు కాబట్టి ఎవరికి వేయాలో కాగితం మీద రాసుకుని వెళ్లండి, జడ్జీల పేర్లతో కలిపి బ్యాలెట్ చాంతాడంత ఉంటుంది.