సరళ యంత్రాల ప్రయోగంలో లెక్క తప్పినప్పుడు: సమస్య - పరిష్కారం

సమస్య: లీవరులో బరువులు సూత్రం (ఆధారానికి రెండువైపులా బరువు × దూరం సమానం) ప్రకారం తూగడం లేదు. 30 సెం.మీ. స్కేలును 10 వద్ద ఆధారంపై నిలిపి, సున్నా చివర 100 గ్రాములు ఉంచితే రెండో చివర 50 గ్రాములు కావాలి; పిల్లలకు మాత్రం 42, 43 గ్రాములకే తూగుతోంది.

కారణం: స్కేలు సొంత బరువును లెక్కించకపోవడం. ఆ బరువు స్కేలు మధ్యన, అంటే 15 వద్ద పనిచేస్తూ పొడవైన భుజానికి సాయపడుతుంది. స్కేలు 30 గ్రాములుంటే ఆ సాయం చివరన 7.5 గ్రాములకు సమానం.

పరిష్కారం: బరువులు పెట్టకముందే పొట్టి చివర బంకమట్టి అంటించి, స్కేలు ఒంటరిగా తూగేలా చేయాలి. చిన్న తరగతులకైతే ఆధారాన్ని 15 వద్దే ఉంచి, బరువుల దూరాలను మార్చడం మేలు. ఆధారంగా గుండ్రని పెన్సిలు వాడితే దొర్లిపోతుంది. టేపుతో బల్లకు అంటించాలి.

సమస్య: కప్పీతో లాగినా బలం తగ్గడం లేదు.

కారణం: పైన బిగించిన ఒంటి కప్పీ బలం దిశను మారుస్తుందే తప్ప తగ్గించదు. భారంతో పాటు కదిలే కప్పీ బలాన్ని సగం చేస్తుంది, కానీ దాని సొంత బరువు కూడా భారంలో చేరుతుంది. విశాఖ వంటి తీర నగరంలో ఉప్పుగాలికి ఇరుసు తుప్పు పట్టి ఘర్షణ పెరగడమూ సాధారణమే.

పరిష్కారం: తుప్పు గీకి, ఇరుసుకు కుట్టు మిషను నూనె వేయాలి. స్ప్రింగు త్రాసును తలకిందులుగా పట్టి కిందికి లాగితే దాని భాగాల బరువు వల్ల రీడింగు తేడాగా వస్తుంది కాబట్టి, వాడబోయే భంగిమలోనే ముందుగా సున్నా సరిచేసుకోవాలి.

సమస్య: వాలుతలంపై రీడింగు మరీ ఎక్కువగా వస్తోంది.

కారణం: ఘర్షణ. 100 సెం.మీ. పలకను 25 సెం.మీ. ఎత్తుకు వాల్చి, కిలో భారాన్ని లాగితే, ఎత్తు పొడవులో నాలుగో వంతే కాబట్టి, 250 గ్రాములే చూపాలి. చెక్క దిమ్మె అయితే అంతకు చాలా మించుతుంది.

పరిష్కారం: దిమ్మెకు బదులు చక్రాల బండి వాడి, పైకి నెమ్మదిగా లాగుతూ ఒక రీడింగు, అదే వేగంతో కిందికి దించుతూ మరొకటి తీసుకోవాలి. ఘర్షణ మొదటిదానిని పెంచుతుంది, రెండోదానిని తగ్గిస్తుంది. 290, 210 వస్తే సగటు 250. ఈ చిన్న ఉపాయాన్ని ఉపాధ్యాయులు తరచూ వదిలేస్తున్నారు.

వాలుతలం పనినే (బలం × దూరం) తగ్గిస్తుందని పిల్లలు అనుకుంటే, సింహాచలం మెట్లదారిని, ఘాట్ రోడ్డును పోల్చమనాలి: రోడ్డు వాలు తక్కువ, దూరం ఎక్కువ, ఎక్కే ఎత్తు మాత్రం ఒకటే. తర్వాత తమ పట్టికలో బలాన్ని దూరంతో గుణించి, బండిని నిటారుగా ఎత్తినప్పటి విలువతో సరిచూడమనాలి.