జావాలో జెనెరిక్ అర్రే జోలికి పోకండి

శ్రీకాకుళంలో జావా ల్యాబ్ చేస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం అంటూ మండలానికో జీడి రైతుల లిస్టు కావాలనుకోండి. స్ట్రింగ్ లిస్టులతో అర్రే చేయబోతే కంపైలర్ ఒప్పుకోదు. 2004లో జావా 5తో వచ్చిన జెనెరిక్స్‌లో (లిస్టులో ఏ టైపు డేటా ఉంటుందో ముందే రాసే పద్ధతి), యాంగిల్ బ్రాకెట్లలో రాసిన టైపు కంపైల్ అయ్యాక చెరిగిపోతుంది. అర్రే అలా కాదు, రన్ టైంలోనూ తన టైపు గుర్తుపెట్టుకుని, వేరే రకం పెడితే అర్రే స్టోర్ ఎక్సెప్షన్ విసురుతుంది. ఈ రెండింటికీ పొసగదు.

జెనెరిక్ క్లాసు రాసేటప్పుడు ఆబ్జెక్ట్ అర్రే చేసి టీ అర్రేగా (టీ అంటే క్లాసు వాడేటప్పుడు తేలే టైపుకి పెట్టుకున్న పేరు) కాస్ట్ చేయడం, అంటే ఇది ఆ టైపే అని కంపైలర్‌కి చెప్పడం, చాలామందికి అలవాటు. క్లాసు లోపల ప్రైవేటుగా ఉంటే పర్లేదు. దాన్ని బయటికి రిటర్న్ చేసి స్ట్రింగ్ అర్రేలోకి తీసుకుంటే మాత్రం క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్ ఖాయం.

హాయిగా లిస్టులో లిస్టులు పెట్టండి. మండలం పేరుతో వెతకాలంటే, పేరు ఇస్తే దాని లిస్టు తీసిచ్చే హ్యాష్‌మ్యాప్ ఇంకా మేలు.